పైసా ఖర్చు లేకుండా ఇంటికి నిండుతనం

“ఆదివారం అమ్మాయిని చూసుకోవటానికి వస్తున్నాం” అని పెళ్ళివారి దగ్గర్నుంచి కబురు వచ్చిందనుకోండి. ఆడపిల్ల తల్లి నోట మొదట వచ్చే మాట ఏమిటి? “అయ్యో, ఈ ఇల్లు చూసి వాళ్ళేమనుకుంటారో!” అనే కదా! పెళ్ళిచూపులే కానక్కర్లేదు. సంక్రాంతికి కొత్తల్లుడు వస్తున్నా, పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్ళకి పట్నం చుట్టాలు దిగుతున్నా మనకి అదే బెంగ. వెంటనే ఆయన దగ్గరకి వెళ్ళి “ఒక సోఫా అయినా కొనకపోతే ఎట్లా అండీ?” అని మొదలుపెడతాం.

కాస్త ఆగండి! ఆ సోఫా కొనేముందు ఒక చిన్న లెక్క వేసుకుందాం. 60,000 రూపాయలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చారనుకోండి. నెలకి వడ్డీయే 1,200. సంవత్సరానికి 14,400. అసలు మాత్రం అట్లాగే ఉంటుంది. మన నందిగామ, జగ్గయ్యపేట మెట్ట ఊళ్ళలో సంగతి మీకు నేను చెప్పాలా? పత్తి డబ్బులైనా, మిరప డబ్బులైనా పంట చేతికొచ్చినప్పుడే. వడ్డీకి ఆ తీరిక లేదు, నెల తిరిగేసరికి గుమ్మంలో నిలబడుతుంది. రెండేళ్ళు తిరిగేసరికి సోఫా గుడ్డ మాసిపోతుంది, అప్పు మాత్రం కొత్తగానే ఉంటుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. దాన్ని పైకి ఎవరూ అనరు. కట్నం ఇవ్వటమూ పుచ్చుకోవటమూ నేరమని 1961లోనే చట్టం వచ్చింది. అయినా ఇంట్లోకి అడుగు పెడుతూనే నాలుగు మూలలా చూసి మనసులో లెక్క కట్టుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అప్పు తెచ్చి పెట్టిన సామాను చూసి, “వీళ్ళకి బాగానే ఉందే!” అని వాళ్ళు ఆశ పెంచుకుంటే ఆ బరువు ఎవరి మీద పడుతుంది? మన మీదే. పెళ్ళయ్యాక అసలు సంగతి తెలిస్తే మాట పడేది ఎవరు? మన పిల్ల!

అట్లాగని ఇల్లు ఎట్లా ఉంటే అట్లా వదిలెయ్యమంటారా అని అడుగుతారేమో. ససేమిరా అనను. ఉన్నదాన్ని నిండుగా చూపించటం వేరు, లేనిదాన్ని ఉన్నట్టు చూపించటం వేరు. మొదటిది ఇల్లాలి నేర్పు. రెండోది అప్పులవాడికి మేపు. ఈ వారం ఆ మొదటి పని ఎట్లా చెయ్యాలో చూద్దాం. చేతిలోంచి పైసా తీయనక్కర్లేదు.

ముందు తీసెయ్యండి

కలిగినవాళ్ళ ఇళ్ళు చూసినప్పుడు మనకి కంటికి హాయిగా ఎందుకుంటుందో ఎప్పుడైనా ఆలోచించారా? సామాను ఎక్కువై కాదు, సామానుకీ సామానుకీ మధ్య ఖాళీ ఉండబట్టి. ఆ ఖాళీ మన ఇంట్లో కూడా ఉంది. కాకపోతే దాని మీద ఏదో ఒకటి పెట్టేశాం!

ముందుగది గోడల వైపు ఒకసారి చూడండి. ఎరువుల కొట్టువాళ్ళు ఇచ్చింది, పురుగుమందుల కొట్టువాళ్ళు ఇచ్చింది, బంగారం కొట్టువాళ్ళు ఇచ్చింది... ఎన్ని క్యాలెండర్లున్నాయో లెక్కపెట్టండి. పోయిన సంవత్సరంవి కూడా “దేవుడి బొమ్మ కదా” అని ఉంచేసి ఉంటాం. తిథులు చూసుకోవటానికి ఒక్కటి చాలు, అదీ వంటింట్లో. మిగిలినవన్నీ దించండి. మేకులు పీకిన చోట, తెల్లగోడ అయితే, కాస్త తెల్ల టూత్‌పేస్టు అద్ది, ఆరాక తడిగుడ్డతో చదును చెయ్యండి. చిన్న చిల్లు కనబడదు.

తర్వాత తలుపు వెనక వేలాడే చొక్కాలు, టీవీ మీద పెట్టిన మందుల డబ్బా, కిటికీలో పెట్టిన దువ్వెన, కుర్చీ కింద దాచిన చెప్పులు, మూలన ఉన్న రేషను సంచి, ప్లాస్టిక్ కవర్ల మూట. ఒక్కొక్కటీ చిన్నదే. అన్నీ కలిస్తే ఎంత పెద్ద గదైనా ఇరుకే. ఒక గదిలో సామాను మొత్తం బయటికి తెచ్చి, రోజూ వాడేవి మాత్రమే లోపలికి తీసుకువెళ్ళండి. మూడోవంతు సామాను బయటే మిగిలిపోవటం మీరే చూస్తారు.

ప్లాస్టిక్ కుర్చీలు ఎనిమిదుంటే ఎనిమిదీ పరిచి పెట్టకండి. నాలుగు వేసి, మిగిలినవి ఒకదానిలో ఒకటి పెట్టి పక్కగదిలో ఉంచండి. నాలుగూ ఒకే రంగువి అయితే మరీ మంచిది. మనుషులొచ్చినప్పుడు తెచ్చి వెయ్యటం ఎంతసేపు?

ఇంటి ముందు పత్తికట్టె మోపులుంటే దొడ్డివైపుకి మార్చండి. పొయ్యికి కావాలి, నిజమే. కానీ ఇంటికొచ్చేవాళ్ళకి ముందు కనబడాల్సింది గుమ్మం, కట్టెలు కాదు.

మన ఊళ్ళ దుమ్ము

దుమ్ము అన్ని ఊళ్ళలోనూ ఉంటుంది. మన దుమ్ము మాత్రం వేరు! నందిగామ దగ్గర హైదరాబాదు–విజయవాడ హైవే లారీలు, జగ్గయ్యపేట చుట్టూ సున్నపురాయి క్వారీలు, సిమెంటు ఫ్యాక్టరీలు. పొద్దున తుడిచిన బల్ల మీద సాయంత్రం వేలితో పేరు రాయొచ్చు.

ఈ దుమ్ము మీద నేరుగా తడిగుడ్డ వేస్తే పేస్టులాగా అతుక్కుని, ఆరాక తెల్లటి చారలు పడతాయి. అందుకని ముందు పొడిగుడ్డ, తర్వాత తడిగుడ్డ, చివర మళ్ళీ పొడిగుడ్డ. పై నుంచి కిందికి రండి. బూజు, ఫ్యాను, ట్యూబులైటు, కిటికీ, బల్ల, అన్నిటికన్నా చివర నేల. చాలామందిమి ముందు నేల తుడిచి, తర్వాత ఫ్యాను దులిపి, మళ్ళీ నేల తుడుస్తాం. రెండింతల చాకిరీ!

ఫ్యానుకి ఒక చిట్కా. స్విచ్చి ఆపి, పాత గలీబు ఒకటి రెక్కకి తొడిగి, రెండు చేతులతో అదిమి లాగెయ్యండి. దుమ్మంతా గలీబులోనే పడుతుంది, మంచం మీద పడదు.

గోడకి ఆనుకుని కూర్చున్న చోట తలనూనె మరక గుండ్రంగా పడుతుంది. దాని మీద సుద్దముక్క దట్టంగా రుద్ది, కొన్ని గంటలు వదిలేసి, పొడిగుడ్డతో దులపండి. సుద్ద నూనెని పీల్చుకుంటుంది. ఒకసారికి పోకపోతే రెండోసారి చెయ్యండి. స్విచ్చిబోర్డు చుట్టూ ఉన్న వేలిముద్రలు మాత్రం మెయిన్ ఆపాకే, బాగా పిండిన గుడ్డతో తుడవాలి.

నేల మెరుపు

పాత ఇళ్ళలో నాపరాళ్ళు, తర్వాతి ఇళ్ళలో తాండూరు బండలో బేతంచెర్ల బండలో ఉంటాయి. ఇవన్నీ సున్నపురాయి జాతివే. అందుకని ఒక మాట బాగా గుర్తుపెట్టుకోండి. వీటి మీద నిమ్మకాయ, చింతపండు, వెనిగరు, బాత్‌రూములు కడిగే యాసిడ్ పడకూడదు. పులుపు రాతినే తినేస్తుంది. మెరుపు పోయి తెల్లటి మచ్చ పడితే ఇక గుడ్డతో పోయేది కాదు. ఇత్తడి సామాను తోముకునేటప్పుడు కూడా బండ మీద కాకుండా గోనెపట్టా పరుచుకుని కూర్చోండి.

బండలకి బట్టల సబ్బు నురగ కాస్త కలిపిన నీళ్ళు చాలు. తుడిచాక మంచినీళ్ళతో ఇంకోసారి తుడిచి, ఆరకముందే పాత నూలు పంచె ముక్కతో పొడిగా రుద్దండి. అసలు మెరుపు ఆ చివరి రుద్దుడులోనే ఉంది. ఎర్రగచ్చు నేలైతే కొబ్బరినూనె నాలుగు చుక్కలు గుడ్డకి అద్ది రాసి, వెంటనే పొడిగుడ్డతో పూర్తిగా తీసెయ్యండి. జిడ్డు మిగిలిందంటే వచ్చినవాళ్ళు మెచ్చుకోవటం మాట అటుంచి, జారిపడతారు!

వానాకాలం నల్లరేగడి మట్టి చెప్పులకి అంటుకుని ఇంట్లోకి వస్తుంది. గుమ్మం బయట ఒక గోనెసంచి మడిచి వేసి, దాని పక్కన చెప్పులు వరసగా పెట్టే చోటు చూపించండి. సగం మట్టి అక్కడే ఆగిపోతుంది.

అటక మీది ఆస్తి

ఇప్పుడు మీ ఇంటాయన్ని గానీ, అబ్బాయిని గానీ అటక ఎక్కించండి. అత్తగారి కాలంనాటి ఇత్తడి గంగాళం, రాగి బిందె, కుంచం, తవ్వ, సోల, దీపపు కుందులు, కవ్వం... ఇవన్నీ అక్కడే కదా నిద్రపోతున్నాయి? ఇట్లాంటి పాత సామాను డబ్బు పోసి కొనుక్కుని ముందుగదిలో పెట్టుకునే పట్నంవాళ్ళున్నారు. మనకి అటక మీద ఊరికే ఉంది.

నానిన చింతపండు గుజ్జులో గుప్పెడు ఉప్పు కలిపి ఇత్తడికి పట్టించి, కాసేపాగి కొబ్బరిపీచుతో తోమండి. పులుపు పైనున్న నల్లటి చిలుముని కరిగిస్తుంది, లోపలి పసుపు వన్నె బయటికొస్తుంది. కడిగిన వెంటనే పొడిగుడ్డతో తుడిచి ఎండలో పెట్టండి. తడిగా వదిలేస్తే మర్నాటికి మళ్ళీ మచ్చలు పడతాయి. పైన మెరుపు పూత వేసి అమ్మిన కొత్త బొమ్మలకి మాత్రం చింతపండు పెట్టకండి, పూత మచ్చలు మచ్చలుగా లేస్తుంది.

తోమినవన్నీ ఒకేచోట గుంపుగా పెడితే పాత్రల కొట్టు అయిపోతుంది. ముందుగది మూలలో గంగాళం ఒక్కటి. కుంచం, తవ్వ, సోల పెద్దది నుంచి చిన్నదిగా ఒక గూట్లో. అంతే! పాత భోషాణం ఉంటే తుడిచి కుర్చీల మధ్య వెయ్యండి, టీపాయి కొనే పని తప్పుతుంది. పైగా లోపల దుప్పట్లు కూడా పెట్టుకోవచ్చు.

షోకేసులో కొండపల్లి బొమ్మలుంటే, కీచైన్లు, ఖాళీ సెంటు సీసాలు, విరిగిన గాజు బాతుల మధ్యనుంచి వాటిని బయటికి లాగండి. తెల్లపొణికి కర్రతో మన జిల్లాలోనే చేసిన బొమ్మలవి. అంబారీ ఏనుగు ఒక్కదానికే ఒక అర ఇచ్చి చూడండి, ఎంత హుందాగా ఉంటుందో! వాటిని తడిగుడ్డతో తుడవకండి, మెత్తటి పొడిగుడ్డ చాలు.

చీరతో తెరలు

గది ఎత్తుగా కనబడాలంటే తెర పైనుంచి నేలదాకా ఉండాలి. గుమ్మానికి సగంలో వేలాడే పొట్టి తెర ఎంత ఖరీదైనదైనా గదిని కురచ చేస్తుంది.

పాత చీర ఐదున్నర గజాలు. అంటే పదహారున్నర అడుగులు. మధ్యకి కత్తిరిస్తే ఎనిమిది అడుగుల పైన ఉండే ముక్కలు రెండు వస్తాయి. మన ద్వారబంధాలు మామూలుగా ఏడడుగులు. పైన మూడంగుళాలు మడిచి, తాడో కడ్డీయో దూరేలా కుట్టుకుని, గుమ్మానికి ఇంచుమించు అడుగు పైన వేలాడదీస్తే తెర నేలని తాకుతుంది. చీర అంచు నిలువుగా ఇటూ అటూ వస్తుంది కాబట్టి వేరే అలంకారం అక్కర్లేదు. కట్టి కట్టి మెత్తబడ్డ మంగళగిరి నూలుచీరలు దీనికి చాలా బాగుంటాయి. గంజి పెట్టి ఆరేస్తే మడతలు నిలబడతాయి. అన్నం వార్చిన గంజే కదా, దానికి ఖర్చేముంది?

పట్టుచీర అయితే ఎండ తగిలే కిటికీకి వద్దు. ఎండకి పట్టు వెలిసి, చిరుగులు పడుతుంది. గదికీ గదికీ మధ్య గుమ్మానికి కట్టండి. మధ్యలో చిరిగిపోయిన పట్టుచీర అయితే జరీ అంచు మాత్రం కత్తిరించి, తెల్లదుప్పటి కాళ్ళవైపు కుట్టండి. దివాను కాట్ మీద పరిస్తే కొత్త దుప్పటి కొన్నారా అని అడుగుతారు. పొయ్యి దగ్గరా, దేవుడి దీపం దగ్గరా మాత్రం వేలాడే తెర ఏదీ ఉండకూడదు.

వెలుతురూ, పచ్చదనమూ

కిటికీకి అడ్డంగా బీరువా ఉందా? ముందు దాన్ని జరపండి. కిటికీ అద్దాలు తడి న్యూస్‌పేపరుతో రుద్ది, పొడి పేపరుతో తుడవండి. నిలువుటద్దం ఉంటే కిటికీకి ఎదురుగోడకి పెట్టండి. వచ్చిన వెలుతురు మళ్ళీ గదిలోకే పడి, గది రెండింతలున్నట్టు తోస్తుంది. మన ఎండాకాలం సంగతి తెలిసిందే కాబట్టి, పెందలాడే ఒకసారి, పొద్దువాలాక ఒకసారి కిటికీలు తెరవండి.

పక్కింటి మనీప్లాంటు తీగ ఒక ముక్క అడిగితే కాదనేవాళ్ళు లేరు. కణుపు నీళ్ళలో మునిగేలా గాజు సీసాలో పెడితే వేళ్ళు వస్తాయి. రాగి పళ్ళెంలో నీళ్ళు పోసి నాలుగు మందారాలు వేసినా అందమే. కానీ ఈ నీళ్ళు రెండు మూడు రోజులకి ఒకసారి తప్పకుండా మార్చాలి. డెంగీ దోమ మురికినీళ్ళలో కాదు, ఇట్లా నిలవున్న మంచినీళ్ళలోనే గుడ్లు పెడుతుంది.

గుమ్మం ముందు కళ్ళాపి చల్లి, చుక్కలు తక్కువగా ఉన్న ముగ్గు శుభ్రంగా వెయ్యండి. గడపకి పసుపు, కుంకుమ, పైన మామిడాకు తోరణం. ఇంటి గౌరవం సగం అక్కడే తెలిసిపోతుంది.

అమ్మాయి పుస్తకాల బల్ల ఉంటే లోపలిగదిలో దాచకండి. సర్ది ముందుగదిలోనే ఉంచండి. కుట్టుమిషను ఉంటే దాన్నీ దాచనక్కర్లేదు. చదువూ, పనీ ఉన్న ఇల్లు అని వచ్చినవాళ్ళకి చెప్పటానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఇవి మాత్రం వద్దు

పక్కింటి సోఫా, ఎదురింటి ఫ్రిజ్జు ఒక్కపూటకి తెచ్చి పెట్టుకోవటం కొన్నిచోట్ల మామూలైపోయింది. వద్దు! పెళ్ళిచూపులు ఒక్కపూటే కానీ, వియ్యంకుల రాకపోకలు జీవితాంతం. రెండోసారి వచ్చినప్పుడు ఆ సోఫా ఏదంటే ఏం చెబుతారు? “మాది వ్యవసాయం, మాకున్నది ఇది” అని తల ఎత్తుకుని చెప్పగలిగినంత వరకే చూపించండి. శుభ్రంగా ఉన్న చిన్న ఇంట్లో ఆ మాట చిన్నతనంగా వినబడదు.

జగ్గయ్యపేటలో ధనబోడు కొండ మీద పాత బౌద్ధస్తూపం ఉంది కదా, 1882లో జేమ్స్ బర్జెస్ అనే దొర దాన్ని పరిశీలించి పుస్తకం రాశాడు. అక్కడ దొరికిన శిల్పాల్లో ఒక చక్రవర్తి ఉన్నాడు. చెయ్యి పైకెత్తి నిలబడితే మబ్బుల్లోంచి నాణేలు వానలా రాలుతుంటాయి. పక్కన రాణి, మంత్రి, ఏనుగు, గుర్రం. అతను మాంధాత అని పెద్దలు గుర్తించారు. బౌద్ధుల కథలో మాంధాత ఇంట్లో ఏడు రోజులు బంగారం కురుస్తుంది. అయినా తృప్తి లేక స్వర్గానికి వెళ్ళి, అక్కడ ఇంద్రుడి సింహాసనం మొత్తం కావాలనుకుని, చివరికి అన్నీ పోగొట్టుకుని కిందపడతాడు. ఆకాశం నుంచి ఊరికే కురిసిన బంగారమే తృప్తినివ్వలేదు. మరి నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన సోఫా ఇస్తుందా, మీరే చెప్పండి!

పని పంచుకోండి

ఇదంతా ఒక్కరోజులో, ఒక్కచేత్తో చెయ్యాలని చూస్తే పెళ్ళివారొచ్చే వేళకి మీరు మంచం ఎక్కుతారు. నాలుగు రోజులకి విడదీసుకోండి. మొదటిరోజు తీసెయ్యటం, సర్దటం. రెండోరోజు బూజు, దుమ్ము, గోడలు. మూడోరోజు ఉతుకులు, గంజి, ఇత్తడి. నాలుగోరోజు నేల, తెరలు, మొక్కలు. అటక, బీరువా, ఫ్యాను మగవాళ్ళకి అప్పజెప్పండి. “ఇల్లు అందరిదీ” అని మెల్లగా అంటే ఎవరూ కాదనరు. ముఖ్యంగా చూపులకి కూర్చోబోయే పిల్ల చేత ముందురోజు రాత్రిదాకా చాకిరీ చేయించకండి. ఎర్రబడ్డ కళ్ళు, పగిలిన చేతులతో పాపం ఆ పిల్ల వచ్చినవాళ్ళ ముందు కూర్చోవాలి. దానికి కంటినిండా నిద్ర కావాలి.

వాళ్ళు వస్తారు, చూస్తారు, వెళతారు. సంబంధం కుదిరితే సంతోషం, కుదరకపోయినా నష్టం లేదు. ఇల్లు మనకి మిగులుతుంది, దాని మీద ఒక్క రూపాయి అప్పు ఉండదు. మర్నాడు పొద్దున్నే ఆ శుభ్రమైన వరండాలో మీరే ఒక కుర్చీ వేసుకుని, స్థిమితంగా కాఫీ తాగండి. ఆ నిండుతనం ముందు మీకు దక్కాలి, తర్వాతే చుట్టాలకి. ఏమంటారు?

వచ్చేవారం వంటింటి అరలు, డబ్బాల సర్దుబాటు గురించి చెప్పుకుందాం. అందాకా అటక మీద ఏమేం దొరికాయో లెక్క చూసుకుంటూ ఉండండి మరి!